ఇరవై నిమిషాలకోసారి

లెసియేలి ఆడపడుచు లోసాకు గొప్ప విద్య ఉంది. ఎవరి నొప్పి నిజమో, ఎవరిది దొంగదో ముఖం చూసి చెప్పేస్తుంది. వాళ్ళ టోంగా దీవుల్లో ఆడపడుచు మాటకు ఎదురు లేదు. అందుకే పోయిన నెల ఆమె లేవనివ్వకపోతే లెసియేలి పొద్దస్తమానం కూర్చునే బట్ట కోసం చెట్టు బెరడు దంచి, నడుము నొప్పితో నాలుగు రోజులు మంచం పట్టింది. ఈసారి తోటి ఆడవాళ్ళతో కలిసి దంచుతూ, నర్సు చెప్పినట్టు ఇరవై నిమిషాలకోసారి లేచి నడుస్తోంది.

“నీ నడుముకేమీ లేదని ఎక్స్‌రే తీసి చెప్పారుగా? నాటకాలాపి కూర్చో!” అంది లోసా.

లెసియేలి బెరడు దంచే కొయ్యసుత్తి విసిరికొట్టింది.

“నీ మాటా ఎక్స్‌రేలో పడదు వదినా, అయినా తగులుతూనే ఉంది! ఆ నాలుగు రోజులూ నన్ను లేవదీసి స్నానం చేయించింది నువ్వేగా? నా ఏడుపు నాటకమా?”

తక్కిన ఆడవాళ్ళ సుత్తులు ఆగిపోయాయి. లోసా తల దించుకుంది.

“కాదు. నిన్ను లేవనివ్వకపోవడం నా తప్పే,” అంది అందరికీ వినబడేలా.