కొత్త కారును పాతిన చోటు

డెబ్బైలో, ఏప్రిల్ నెల. భూమి కోసమని దేశమంతా ఒక రోజు జరుపుతున్నారని మా ఊరి కాలేజీ పిల్లలూ పూనుకున్నారు. కార్ల పొగ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. మా ఆప్రికాట్ తోటలోంచి ఎదుటి కొండ కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. పిల్లలు చందాలేసుకుని పసుపురంగు కారొకటి కొత్తది కొన్నారు, ఆ పొగకు నిరసనగా పాతిపెట్టడానికి. గొయ్యి తవ్వే యంత్రం ఊళ్లో నాకొక్కడికే ఉంది.

అప్పటికి నా భార్య ఆర్లీన్‌కు రొమ్ము క్యాన్సర్. నలభై మైళ్ల అవతల ఆస్పత్రిలో ఆరు వారాలపాటు రోజూ కరెంటు పెట్టించుకోవాలి. మా ట్రక్కు ఇంజను పగిలి షెడ్డులో పడుంది. రెండు బస్సులు మారి వెళ్లేది. వచ్చేటప్పుడు ఒళ్లో డబ్బా, వాంతులు. డ్రైవరు రెండుసార్లు దారిలో దింపేశాడు. ఇక పోనంటోంది.

గొయ్యి సగంలో ఉండగా యంత్రం దిగాను.

“తమ్ముడూ, ఆ కారు నాకివ్వు. కూలి వద్దు. ఆరు వారాలయ్యాక నేనే తెచ్చి పాతిపెడతా. మా ఆవిణ్ణి ఆస్పత్రికి తిప్పాలి.”

వాళ్ల నాయకుడు కిప్, గడ్డం ఇంకా సరిగా రానివాడు, నా భుజం మీద చెయ్యేశాడు. “అన్నా, ఆ జబ్బు ఎందుకొచ్చిందనుకున్నావ్? ఈ పొగవల్లే. మేం పోరాడేది ఆవిడ కోసమే.”

“ఆవిడ కోసమైతే ఆవిడకే ఇవ్వు.”

“ఈయన్నీ కాలేజీలో చేర్చుకోండ్రా!” అని ఎవడో అరిచాడు. నవ్వారు.

ఏదైనా చేతులెత్తి తేల్చుకోవడం వాళ్ల పద్ధతి. నన్ను అక్కడే నిలబెట్టి లెక్కపెట్టారు. ఇవ్వమన్నవాళ్లు తొమ్మిదిమందే.

“ఏమనుకోకన్నా, అందరి మాట,” అన్నాడు కిప్. “అంచులు కాస్త నున్నగా తీస్తావా? ఫొటోలవాళ్లొస్తున్నారు.”

తీశాను. కారు లోపలికి తోసి పాటలు పాడారు. మట్టి పోస్తుంటే అద్దంలోంచి, కవరైనా తియ్యని సీట్లు కనబడ్డాయి.

ఆర్లీన్ పదకొండుసార్లు వెళ్లి మానేసింది. సెప్టెంబరులో పోయింది. ఆ గొయ్యి కూడా నేనే తవ్వాను. అంచులు నున్నగా తీశాను.

కారు పాతిన యాభయ్యో ఏడు వస్తోందనగా మా గేటు ముందు పడవంత కారు ఆగింది. బట్టతల, చేతికర్ర. కిప్.

“గుర్తుపట్టావా అన్నా? మనం పాతినచోట ఇత్తడి పలక వేయిస్తున్నాం. కట్టడాలన్నీ మారిపోయాయి, ఎక్కడో ఎవరికీ తెలీదు. నీకు గుర్తుందా?”

“గుర్తులేకేం.”

దారిలో అడిగాడు. “మీ ఆవిడ బాగున్నారా?”

“నువ్వు పోరాడావుగా,” అన్నాను.

సంతోషంగా తలూపాడు.

పాత హాస్టల్ ఉన్న చోటికి తీసుకెళ్లాను. దాని మరుగుదొడ్ల గుంత నిండిపోతే, అరవై ఐదులో పూడ్చింది నేనే. ఇప్పుడు పైన పచ్చిక ఏపుగా ఉంది.

“ఇక్కడే,” అన్నాను.

కిప్ కర్ర పక్కన పెట్టి, మోకాళ్లూని, రెండరచేతులూ నేలకానించి ఏడ్చాడు.

పలక వేశారు. ఏటా ఆ రోజున పిల్లలొచ్చి దానిమీద పూలు పెట్టి, వంగి నేలను ముద్దుపెట్టుకుంటారు. నేను తప్పకుండా వెళతాను. ముందు వరసలో కుర్చీ వేస్తారు.