అత్తగారికి చదివిపెట్టే గొంతు

చిన్నకోడలి మీద పెద్దకోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ పిల్ల ఏ వస్తువునూ దాని మానాన దాన్ని వదిలిపెట్టదు, బాగుచేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే, ఏళ్ల తరబడి కీచుమంటున్న స్నానాలగది తలుపు నోరు మూయించింది. లోపలికి ఎవరు వెళ్లారో, ఎప్పుడు బయటపడ్డారో పెద్దకోడలు ఆ చప్పుడును బట్టే వంటింట్లోంచి కనిపెట్టేది. ఆ సౌకర్యం కాస్తా పోయింది. తర్వాత కారే కుళాయి, కుంటి బల్ల. ఆఖరికి బావగారి గురక. ఎత్తు దిండు తీసేయమని సలహా చెప్పింది. గురక తగ్గింది. పెద్దకోడలికి హాయిగా నిద్ర పట్టింది, తెల్లారి లేచాక ఒళ్లు మండింది.

ఇదంతా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది తను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం జోలికి రావడం.

పెద్దకోడలు పనిచేసేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘంలో. కుట్టుమిషన్ల కొట్టు పైన రెండు గదులు, ఊగిపోయే ఫ్యాను, చందాలతో కొన్న పాత సర్వరు. సంఘం పంచే ప్రోగ్రాములను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్లీ పంచొచ్చు. షరతు ఒక్కటే. పంచేటప్పుడు సోర్స్ కోడ్, అంటే మనుషులు చదివి దిద్దుకోగలిగే అసలు రాత, దాంతోపాటు ఇవ్వాలి. వడ్డించినవాళ్లు ఎలా వండారో కూడా చెప్పాలన్నమాట. చెప్పకుండా దాచే కంపెనీలకు ఏడాది పొడవునా నోటీసులు రాయడం పెద్దకోడలి పని. ఎప్పటికీ దారికి రానివాళ్లను ఏడాది చివర సంఘానికి పిలిచి ఎదురుగా కూర్చోబెడతారు. ఈసారి వంతు, సంఘం ప్రోగ్రాములతోనే నడిచే పాఠాల పెట్టెలు, అంటే తెరమీద పాఠాలు చూపించే యంత్రాలు, బడులకు అమ్మిన ఒక కంపెనీది. ఆ పెట్టెలు మధ్యలో బిగుసుకుపోతున్నాయి. సోర్స్ కోడ్ ఇస్తే సంఘం వాళ్లే సరిచేస్తారు. కంపెనీ ఇవ్వదు. ఈ ఒక్క పట్టు పట్టి గెలిస్తే ఏడాది కష్టం ఫలించినట్టే.

ఇక ప్రోగ్రాం సంగతి. అత్తగారికి చూపు మందగించాక, పేపరు పైకి చదివి వినిపించేలా పెద్దకోడలు దాన్ని రాసింది. సంఘంలో పదిమంది తలో ముక్కా రాసి సాయం పట్టారు. చూపు సరిగా లేనివాళ్లు ఎక్కడెక్కడివాళ్లో నెట్‌లోంచి దింపుకుని వాడుతున్నారు. తనకూ కోడ్ రాయడం వచ్చు కనుక చిన్నకోడలు అందులో కొన్ని దిద్దుబాట్లు చేసి, ఈ పనిలో ఉన్న మర్యాద ప్రకారం ముందు రాసినవాళ్లకే పంపింది. "అక్కా, వీలున్నప్పుడు ఒకసారి చూడు" అంది. "చూస్తాలే" అంది పెద్దకోడలు. చూడలేదు. ఆ పిల్ల మళ్లీ అడిగింది, పండగపూట పనికి రమ్మని పనిమనిషిని అడిగినట్టు మొహమాటంగా. పెద్దకోడలికి ఆ వారం తలనొప్పి, మరుసటి వారం పళ్లనొప్పి. చివరికి చిన్నకోడలు తన దిద్దుబాట్లతో వేరే పేరు పెట్టి విడిగా విడుదల చేసింది. అది పూర్తిగా ఆమె హక్కు. ఆ హక్కు గురించి పదిచోట్ల ప్రసంగాలు చేసింది పెద్దకోడలే.

ఆ రోజు పనంతా పక్కన పడేసి ఆ కొత్త కోడ్‌ను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరింది. తన పేరు ఎక్కడైనా ఎగరగొట్టిందేమోనని ఆశ. పేరు అన్నింటికంటే పైనే ఉంది, పక్కన కృతజ్ఞతలతో సహా. అంత ఘోరమైన నిరాశ ఆమెకు ఈమధ్య కాలంలో కలగలేదు.

అత్తగారు చిన్నకోడలి ప్రోగ్రాం విని ఇంకాస్త కారం చల్లారు. "ఈ గొంతు ఎంత నెమ్మదిగా ఉందో అమ్మాయ్. నీది చదువుతుంటే పేపరు నన్ను కసురుతున్నట్టుండేది" అన్నారు, పొగుడుతున్నాననే అనుకుంటూ.

పెద్దకోడలు నవ్వి ఊరుకుంది. ఊరుకోలేదు కూడా. పట్టుబట్టి కూర్చుని కొత్త రూపం తయారుచేసింది. అది వాక్యం చివర ఆగుతుంది, ప్రశ్నను ప్రశ్నలా పలుకుతుంది. ఒక మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తుండగా దాన్ని సంఘం సైటులో పెట్టింది. ప్రోగ్రాం మాత్రమే పెట్టింది. సోర్స్ కోడ్ దగ్గర పాతదాన్నే ఉండనిచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల దేన్ని చూసి దిద్దుతుందో చూద్దాం అనుకుంది. ఆ పూట టీ ఎంతో రుచిగా అనిపించింది.

కంపెనీ లాయరు వచ్చిన రోజున గదిలో నలుగురున్నారు. లాయరు, సంఘం కార్యదర్శి, పెద్దకోడలు, చిన్నకోడలు. పాఠాల పెట్టె విప్పి లోపల సంఘం ప్రోగ్రాములే ఉన్నాయని తేల్చింది చిన్నకోడలు కనుక ఆమెను పిలవక తప్పలేదు. పెద్దకోడలు తన నోటీసును గట్టిగా చదివింది. షరతులు ఏకరువు పెట్టింది. లాయరు తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యాక తన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"మేడమ్, ఇది మీ చదివే ప్రోగ్రామే కదా. కొత్తది మావాళ్లు దింపుకున్నారు. దీని సోర్స్ కోడ్ ఎక్కడుందో కాస్త చూపిస్తారా? ఇక్కడున్నది పాతది."

పెద్దకోడలు చేతిలోని నోటీసు కాగితాల అంచులు సర్దింది. కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ ఆమె వైపే చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. సమాధానం చెప్తుందన్న ధీమా ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

చిన్నకోడలు ముందుకు వంగింది. "ఎక్కించేటప్పుడు సర్వర్ ఆగిపోయి ఉంటుందండీ. పాతది కదా. నేను చూసి సరిచేస్తాను."

బాగుచేయడానికి ఈసారి ఆ పిల్లకు దొరికింది తనే అని పెద్దకోడలికి అర్థమైంది. ఆ అబద్ధం కూడా ఎంత పొందికగా ఉంది. తను చెప్పి ఉంటే ఇంత బాగా అతికేది కాదు. ఆ స్థితిలోనూ అసూయ పడింది. ఊ అంటే చాలు, గండం గడిచిపోతుంది.

లాయరు పెన్ను మూత పెట్టాడు. "అలాగా. మా ఇబ్బందీ అదేనండీ. సర్వర్." ఫైలు సర్దుకుని లేవబోయాడు. ఏడాది పని తలుపు దాకా నడిచి వెళ్లిపోవడం పెద్దకోడలికి కనిపించింది.

"కూర్చోండి" అంది.

తన ల్యాప్‌టాప్ తెరిచింది. అందరూ చూస్తుండగానే కొత్త సోర్స్ కోడ్‌ను సైటులోకి ఎక్కించింది. ముసలి సర్వరు ఎక్కడా ఆగకుండా పుచ్చుకుంది. అప్పుడు తోడికోడలి వైపు తిరిగింది.

"సర్వర్ శుభ్రంగా ఉంది. నేనే దాచాను. నువ్వు నాకంటే బాగా చేశావని కడుపు మండి దాచాను. అందులో పదిమంది రాసింది కూడా ఉంది, దాచే హక్కు నాకు లేదు. నువ్వు పంపినవి చూడకపోవడం కూడా తప్పే. అంతా నా తప్పే."

తర్వాత లాయరు వైపు చూసింది.

"మాది పెట్టేశామండీ. మరి మీది?"