‘జ’ వదలకూడదు

రొయ్యలు ఒలుస్తూ కృపావతి తనలో తను అనుకుంటోంది. “జ పార్ల్, త్యు పార్ల్, ఇల్ పార్ల్...” నేను మాట్లాడుతున్నాను, నువ్వు మాట్లాడుతున్నావు, అతను మాట్లాడుతున్నాడు.

“ప్రార్థనా?” అంది అత్తగారు సువార్తమ్మ.

“ఫ్రెంచ్, అత్తయ్యా.”

“తెలుగు పంతులమ్మకి దొరల భాషెందుకమ్మా?”

కృపావతి గుడివాడలో ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది. బందరు నుంచి రోజూ బస్సు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ బస్సులోనే ఫ్రెంచ్ నేర్చుకుంది. అక్కడైతే ఎవరూ మంచినీళ్ళు తెమ్మనరు. వచ్చే ఏడు స్కూల్లో ఫ్రెంచ్ పెడుతున్నారని తెలిసి, నేను చెబుతానంది. ఇవాళ కరస్పాండెంటు ముందు డెమో క్లాసు.

“ఇవాళ సెలవు పెట్టెయ్,” అన్నాడు భర్త హరిబాబు, ఫోన్లోంచి తలెత్తకుండా. “చల్లపల్లి మావయ్యావాళ్ళు భోజనానికొస్తున్నారు. అయినా నీ ఇంగ్లీషే అంతంతమాత్రం. ఫ్రెంచంటే నవ్వుతారు.”

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె తరఫున అతనే మాట్లాడతాడు. కృపకి ప్రయాణాలు పడవు. కృపకి ఉద్యోగం ఊరికే కాలక్షేపం. ఆ మాటలు తనెప్పుడు అందో ఆమెకే తెలియదు. ఇగురు దించి, అన్నం హాట్‌ప్యాకులో సర్ది, చీర మార్చుకుని బస్సెక్కింది.

క్లాసులో బోర్డు మీద ‘పార్ల్’ రూపాలన్నీ రాసి చదివించింది. వెన్నెల అనే పిల్ల లేచింది.

“రాయడంలో తేడా ఉంది గానీ మేడమ్, నేను, నువ్వు, అతను, మూడిటికీ ‘పార్ల్’ అనే వినిపిస్తోంది. మరి మాట్లాడేదెవరో ఎలా తెలుస్తుంది?”

కరస్పాండెంటు కుర్చీలో ముందుకు జరిగాడు.

“మన తెలుగులో ‘మాట్లాడుతున్నాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ఇక్కడ ‘నేను’ అనే ఆ ‘జ’ వదిలేస్తే మనిషే కనపడదు. అందుకే వదలకూడదు,” అంది కృపావతి. తన గొంతు గదంతా వినిపిస్తోందని అప్పుడే గమనించింది. భలే ఉంది.

పాడతానని ఒకరు, డాన్స్ చేస్తానని ఒకరు పిల్లలు లేచారు. జ షాంత్, జ దాన్స్! గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

“జూన్ నుంచి ఫ్రెంచ్ మీదే మేడమ్,” అన్నాడు కరస్పాండెంటు.

వరండాలోకి రాగానే హరిబాబు ఫోన్ చేశాడు. “మావయ్యావాళ్ళొచ్చారు. నీకు ఒంట్లో బాలేక డాక్టరు దగ్గరికెళ్ళావని చెప్పాను,” అన్నాడు లోగొంతుకతో. “అడిగితే అదే చెప్పు.”

“నేను నిక్షేపంలా ఉన్నానండీ. ఫోన్ మీ మావయ్యగారికివ్వండి.”

“ఇప్పుడెందుకు?”

“ఇవ్వండి.”

కాసేపటికి పెద్దాయన గొంతు వినిపించింది. “ఏమ్మా కృపా, ఎలా ఉంది?”

కృపావతి గొంతు తగ్గించకుండా, బస్సులో ఫ్రెంచ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇవాళ్టి క్లాసు దాకా అంతా తనే చెప్పింది.