మగ్గం ఆడినంత కాలం

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. నేను నేసేటోళ్ల బిడ్డని, నాకు నేయడం రాదు. ఆదోనిలో హాస్టల్లో ఉండి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివినాను. ఊరోళ్ల ఇండ్లకి ప్లాన్లు గీయడం నేర్చుకొని, ఉద్యోగం దొరక్క ఎమ్మిగనూరుకి తిరిగొచ్చినాను. అమ్మ లేదు. నాయన తిక్కయ్య పొద్దంతా మగ్గం గుంటలో కూర్చొని కాళ్లతో పలకలు తొక్కతాంటాడు. ఇంట్లో నాకు తోడు నా స్కేలూ, పెన్సిలే.

మా వీధి సంగతి చెప్పాల. గోడలు మావి. నేల ఆదోని పత్తి యాపారి బాలకృష్ణయ్య శెట్టిది. వాళ్ల నాయన మా తాతలకి ఒక మాట ఇచ్చినాడంట: "ఇంట్లో మగ్గం ఆడినంత కాలం నేల మీది. మగ్గం నిలిస్తే నేల నాది." కాయితం లేదు, మాటే. కోర్సులో మా సర్వే సారు పట్టా భూమి, కౌలు భూమి, ఇనాం భూమి, బతికినన్నాళ్లు అనుభవించే హక్కు అని రకాలు చెప్తాంటే లేసి అడిగినాను, "మగ్గం ఆడినంత కాలం అనేది ఏ రకం సార్?" అని. క్లాసంతా నవ్వింది. సారూ నవ్వినాడు. జవాబు మాత్రం రాలేదు.

1982 జూలైలో ఎదురింటి అబ్బాస్ అలీ మామ నేస్తా నేస్తానే గుంటలో కూలబడి సచ్చిపోయినాడు. మా వీధిలో ఎవరు పోయినా ఆ పూట అన్ని మగ్గాలూ నిలిపేస్తారు. సాలోళ్లు, సాయిబులు అనే తేడా లేదు. మగోళ్లు మట్టి చేసి ఇంకా తిరిగి రాలేదు, శెట్టి గుమాస్తా సుంకన్న ఇద్దరు సాక్షుల్ని ఎంటబెట్టుకొని వచ్చి వీధి నడుమ నిలబడినాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ఇన్నాడు.

"యాడా సప్పుడు లేదే. మీరూ ఇన్నారు గదా?" అని సాక్షుల్ని అడిగినాడు.

"సావు జరిగిన ఇల్లు అన్నా" అన్నాను.

"శెట్టిగారూ బాధపడతాండారమ్మా. వీధికి ఈ పూట మాఫీ. ఈ ఇంట్లో మాత్రం నేసేటోడే పోయె. రేపట్నుంచి మగ్గం ఆడకుంటే నేల ఇడిసిపెట్టాల. గోడలు మీవే, ఎత్తుకొని పోండి."

వీధి పక్కన కొత్త రోడ్డు పడినాక శెట్టికి ఆడ పత్తి గోడౌను కట్టాలని బుద్ధి పుట్టింది. ఒక్క ఇల్లు చేతికొస్తే మిగతావి ఒకటొకటే లాగొచ్చు. లోపల అబ్బాస్ మామ పెండ్లాం జమ్రుద్‌బీ అంతా ఇనింది. ఏడుపు ఆపేసింది.

సాయంత్రం నేసేటోళ్ల సంఘం పెద్ద మద్దయ్య ఇంటి ముందర అందరూ కూడినారు.

"వంతులేసుకొని ఆ మగ్గం మనమే ఆడిద్దాం" అన్నాడు మద్దయ్య.

"ఎట్ల పోతావన్నా లోపలికి? ఆయమ్మ ఇద్దత్‌లో కూర్చుంది" అన్నాడు పక్కింటి నూర్ బాషా. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలలపైన గడప దాటదు. పరాయి మగోడు ఆ గడప తొక్కకూడదు.

"ఆడోళ్లు పోతే?"

"ఆడోళ్లు నూలు కండెలు చుడతారు. గుంటలోకి ఎప్పుడన్నా దిగినారా?"

అందరూ నా పక్క చూసినారు. వీధిలో పనీపాటా లేనిదాన్ని నేనొక్కదాన్నే.

దిగినాను. అబ్బాస్ మామ ఇన్నేండ్లు కాళ్లు ఆనించిన చోట మన్ను అరిగి రెండు పల్లాలు పడినాయి. వాటిల్లో నా పాదాలు నాయన చెప్పులేసుకున్న పిల్ల మాదిరి వదులుగా ఆడినాయి. "తొక్కు. నాడె ఇసురు, పోగు అడ్డంగా పోవాల. అట్ల కాదు బిడ్డా" అని జమ్రుద్ అత్త మూలలో కూర్చొని చెప్పేది. నేను పోగులు తెంపేదాన్ని, ఆమె అతికేది.

సుంకన్న కిటికీలోంచి తొంగిచూసి, "ఇది గుడ్డనా, గోనెసంచా?" అన్నాడు ఒకసారి.

"ఆడాలన్నారు గానీ బాగా ఆడాలనలేదు గదన్నా."

మధ్యాహ్నాలంతా మగ్గం సప్పుడే. నాడె పోయేది, వచ్చేది. నేను చెయ్యి ఆపితే మాత్రం ఆమె ఉలిక్కిపడేది. మామ పడిపోయినాడని ఆ పొద్దు ఆమెకి మొదట తెలిసింది సప్పుడు ఆగినందుకే.

పీర్ల పండగ ముందర నాయనకి జొరమొచ్చింది. ఒళ్లు కాలిపోతాంది, గుంటలోంచి లేయడు.

"పండుకో నాయనా."

"సుంకన్న వీధిలో తిరగతాండాడు. సప్పుడు ఆగకూడదు."

వీధంతా ఇదే. పండగనాడు గూడా ఎవరూ ఆపలేదు. శెట్టి మళ్లీ ఈ పక్కకే రాలేదు. రావాల్సిన పనే లేదు, మేమే మమ్మల్ని కాపలా కాసుకుంటాండాం.

ఇది చెప్తే జమ్రుద్ అత్త, "సచ్చినోన్ని గూడా ఈ గుంటలోంచి లేయనియ్యడం లేదు" అనింది. మళ్లీ, "నీ చదువులో చూసి చెప్పు రాజీ. నేల శెట్టిది అంటారు. ఈ గుంట ఎవరిది? మన్నంతా మీ మామ తవ్వి బయట పారేసినాడు. ఇంగ ఈడ శెట్టిది ఏముంది?" అనింది.



ఆ వారమే మళ్లీ మద్దయ్య ఇంటి ముందర కూడినాం.

"అన్ని మగ్గాలూ ఒక్కపారి నిలిపేద్దాం" అన్నాను.

"ఈ పిల్లకి మతి పోయిందిరా! నిలిపితే నేల వానిదే గదా!"

"ఒక్కటి నిలిస్తే వచ్చి లాక్కుంటాడు. వీధంతా నిలిపి, అందరం గుంటల్లో కూర్చుంటే? ఎంతమందిని లేపుతాడు?"

"కోర్టుకి పోదాం" అన్నాడు మద్దయ్య.

"ఏ రకం హక్కని రాస్తావన్నా? జొరంతో తొక్కే హక్కనా?"

అరుపులు, తిట్లు. ఒకాయన నా చదువుని తిట్టినాడు, దానికి నేనేమీ అడ్డం చెప్పలేదు. అంతలో నూర్ బాషా పెండ్లాం గుల్జార్ బీ జమ్రుద్ అత్త ఇంట్లోంచి వచ్చింది.

"ముందు నా మగ్గం నిలపండి అని చెప్పమనింది."

పోయేదుంటే మొదట పోయేది ఆమె ఇల్లే. నూర్ బాషా తల వంచుకొని, "రెండోది నాది" అన్నాడు.

మరుసటి పొద్దున ఎవరూ నాడె పట్టలేదు. అందరూ గుంటల్లో దిగి చేతులు కట్టుకొని కూర్చున్నారు. శెట్టి కారులో వచ్చినాడు, ఎనక పోలీసు వ్యాను.

"మగ్గాలు నిలిచినాయి. మాట ప్రకారం నేల నాది."

"మాట ఇచ్చింది మీ నాయన, ఇన్నది మా నాయన. ఇద్దరూ పోయినారు" అని నాయన గుంటలోంచే అరిచినాడు. "మేం బతికుండాం. మగ్గం ఆడినా ఈ నేల మాదే, నిలిపినా మాదే!"

ఆ మాట ఇంటింటికీ పాకింది. పోలీసులు ఒకణ్ని గుంటలోంచి లాగితే వాని తమ్ముడు దిగినాడు, వాన్ని లాగితే వాని మామ. వ్యాను నిండిపోయింది. నాయన, మద్దయ్య, నూర్ బాషా, అందర్నీ ఎక్కించినారు. జమ్రుద్ అత్త పరదా దగ్గర కానిస్టేబుల్ ఆగిపోయినాడు. లోపల గుంటలో నేనుండా. నాయన వ్యాను ఎక్కతా కిటికీ పక్క చూసి, "రాజీ, లేయొద్దు" అన్నాడు.

వ్యాను పోయినాక వీధిలో మగోడు లేడు. సప్పుడు లేదు. జమ్రుద్ అత్త లేసొచ్చి నా భుజం తట్టింది.

"ఇది నేను చూసుకుంటా. నువ్వు మీ నాయన గుంటకి పో."

అబ్బాస్ మామ పాదాల పల్లాల్లో కాళ్లు పెట్టుకొని కూర్చుంది. నేను బయటికొచ్చేసరికి గుల్జార్ బీ చీర ఎత్తి చెక్కుకొని మొగుడి గుంటలోకి దిగతాంది. ఆ పక్క ఇంట్లో ఇంకొకామె. ఆ పక్క ఇంకొకామె.

నాయన ఆదోని సబ్‌జైల్లో ఉండాడు. మగ్గాలు ఇంకా నిలిచే ఉండాయి, నేను నాయన గుంటలో కూర్చొనే ఇది రాస్తాండా. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఆడోళ్లు జొన్నరొట్టెలు మూట గట్టి బస్సులో మాకు పంపుతాండారు. వాళ్ల గుడిసెలూ శెట్టి నేల మీదే ఉండాయంట, "మిల్లులో పని చేసినంత కాలం". పుట్టినాక ఈ వీధి ఇంత మూగగా ఉండడం నేను చూడలేదు. ఒంటరిగా ఉంది, అబద్ధమెందుకు.

అందుకే అడుగుతాండాను. మీ ఇంటి కింద నేల ఎవరి మాట మీద నిలబడుండాది? చాకిరీ చేసినంత కాలమా, ఓటేసినంత కాలమా, నోరు మూసుకున్నంత కాలమా? మీ ఊర్లో ఏం జరిగిందో, మీరేం చేసినారో రాయండి. పోస్టు మనిషి వస్తే లేసి రాలేను గానీ, గుంటలోంచే కేకేసి తీసుకుంటాను.