చేదు వేరు, బావ కాలేయం

బావ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్లు తడబడితే తన కాలి కింది బ్రేకు నొక్కడం ఆయన పని. కాలేయానికి కొవ్వు పట్టిందని స్కానింగులో తేలినప్పుడు ఆయనేమీ దిగులు పడలేదు. భార్య చెల్లెలు, మరదలు ఉందన్న ధైర్యం.

ఆమె పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఒక చేదు వేరు నుంచి తీసిన పదార్థం కాలేయ కణాల్లో కొవ్వును కరిగిస్తుందేమోనని మూడేళ్లుగా చూస్తోంది.

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేనట్లా అనుకోను. ఓ సీసాడు ఇటు పడెయ్," అన్నాడు బావ.

"గాజుపళ్లెంలో కణాల మీద పనిచేసింది, అంతే. మనిషికి ఏమవుతుందో మాకే తెలీదు. నువ్వు ముందు నడువు బావా."

బుద్ధిమంతుడిలా తలూపాడు. కానీ నడవలేదు. రెండు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే కాలేయం ఇంకా దెబ్బతింటోందని తేలింది. ఏదో తింటున్నాడని అనుమానమొచ్చి అక్క ఇల్లంతా వెతికితే చెప్పుల అర వెనక ఒక డబ్బా దొరికింది. అదే వేరు పొడి, బజార్లో కొన్నది. రోజూ పొద్దున్నే నీళ్లలో కలుపుకొని తాగుతున్నాడు.

"చెట్టుదే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నా," అని నసిగాడు.

"గన్నేరు కూడా చెట్టే బావా," అంది మరదలు. ఎప్పుడూ ఆయన్ని ఆటపట్టించే పిల్ల, ఈసారి నవ్వలేదు. డాక్టరు కూడా ఆ పొడి మానెయ్యమన్నాడు.

తర్వాతి వారం ఆమె ఆయన్ని పరిశోధనశాలకు తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. కణాల నిండా ఎర్రరంగు అద్దిన కొవ్వు బొట్లు.

"పక్క పళ్లెంలో తక్కువున్నాయే?"

"వాటికి మందిచ్చాం. కానీ వాటికి పొట్ట లేదు, గుండె లేదు, ఇంట్లో మా అక్క లేదు."

బావ చాలాసేపు కన్ను తీయలేదు. మర్నాటి నుంచి స్కూలుకు నడిచే వెళ్లాడు. చక్కెర పానీయాలు మానేశాడు. చలికాలం వచ్చేసరికి బరువు తగ్గింది, కాలేయం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే మరదలికి దెబ్బ తగిలింది. ఎలుకలకు తినిపిస్తే ఆ పదార్థం పేగుల్లోనే విరిగిపోతోంది, కాలేయం దాకా చేరడం లేదు. అక్కవాళ్లింటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా కూలబడింది.

బావ మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

"ఇంకో దారిలో పంపలేరా?" అన్నాడు చివరికి.

"కొవ్వులో చుట్టి పంపితే చేరొచ్చు."

"కొవ్వు తగ్గించే మందుని కొవ్వులో చుట్టి పంపుతారా?"

మరదలు ఆపుకోలేక నవ్వేసింది. వంటింట్లోంచి అక్క ఏమిటని అడిగినా ఇద్దరూ చెప్పే స్థితిలో లేరు.

ఆ పని ఇప్పుడు సాగుతోంది. అది మందవుతుందో లేదో ఎవరికీ తెలియదు. బావ మాత్రం వారం వారం ఫోన్ చేసి, బడికెళ్లే పిల్ల సంగతి అడిగినట్టు అడుగుతాడు: "మన వేరు ఎట్లా ఉంది?"