సాగదీస్తేనే విడిపోయే చుక్క

ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి: ప్లాస్టిక్ గింజలు ఆరబెట్టాలి. వాటిలో రబ్బరు కలిపి, మిషన్‌లో కరిగించి, పలక తీయాలి. పలకను వంచాలి. విరిగితే ఆ చోటును సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. నాన్న పాదం కొలత మళ్లీ తీసుకోవాలి. అమ్మకు మాత్రం ఏమీ తెలియనివ్వకూడదు.

మా నాన్నకు చిన్న సెలూన్ ఉంది. ఎడమ కాలు మోకాలి కింద లేదు. పెట్టుడు కాలితోనే కుర్చీ చుట్టూ తిరుగుతూ పొద్దస్తమానం పని చేస్తారు. ఆ పాదంలో ఉండే పలక వేళ్ల దగ్గర పగిలింది. టేపు చుట్టుకుని, అమ్మ కంగారుపడుతుందని నాకొక్కదానికే చెప్పారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే. పెట్టుడు కాళ్లు చేసే చోటే ల్యాబ్‌లో ఉద్యోగం. నా చదువు నాన్న పాదానికి అక్కరకు రాకపోతే ఇంకెందుకు అనిపించింది.

గట్టి ప్లాస్టిక్‌లో రబ్బరు సన్నటి చుక్కలుగా పరుచుకుంటేనే పలక దెబ్బకు ఓర్చుకుంటుంది. మా పలకలో చుక్కలు లావుగా ఉండిపోయాయి. సరిగ్గా కలవలేదనుకుని మిషన్ లోపల తిరిగే స్క్రూ మరను ఇంకా వేగంగా తిప్పించాను. పలక మళ్లీ విరిగింది. ఇంకా పెంచమన్నాను.

మిషన్ నడిపే పెద్దాయనను అందరం బాబాయి అంటాం. ఆయన చెమట తుడుచుకుని, "ఎంతకని తిప్పమంటావమ్మా? దానికేమో గానీ నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు.

అదీ విరిగాక, కరిగిన మిశ్రమాన్ని రెండు గాజు పలకల మధ్య పెట్టి, పై పలకను మెల్లగా జరుపుతూ సూక్ష్మదర్శినిలో చూశాను. రబ్బరు చుక్క కొద్దిగా కోలగా మారి, ఉన్నచోటే బొంగరంలా తిరుగుతోంది. తెగడం లేదు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా రబ్బరు బాగా చిక్కన. పక్కనుంచి ఒరుసుకుంటూ పోయే ప్రవాహానికి అది లొంగకుండా తిరిగిపోతోంది. ఎంత వేగం పెంచినా దాన్ని ఇంకా గిరగిరా తిప్పడమే అవుతోంది. దాన్ని తిప్పకూడదు, సాగదీయాలి.

మర చివర, పోనుపోను సన్నబడే రంధ్రాలున్న దిమ్మె బిగించమని అడిగాను. ఒత్తిడి పెరుగుతుందని బాబాయి గొణిగారు. అయినా బిగించి, ముందు నెమ్మదిగా నడిపారు. సన్నబడే దారిలో మిశ్రమం ముందుకు లాగబడుతుంది. అక్కడ పక్కకు తిరిగే వీలులేక చుక్క దారంలా సాగి, తునకలుగా తెగుతుంది. వేడిగా వదిలేస్తే ఆ తునకలు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోతాయి. అందుకే బయటకు రాగానే పలకను నీళ్లలో ముంచాం.

వంచితే తెల్లబడింది గానీ విరగలేదు. దానితో పాదం చేసి, అడుగులేసినట్టు పదేపదే తొక్కి చూసే యంత్రం మీద పెడితే అక్కడా నిలిచింది. ఇక మనిషి వేసుకుని నడవాలి. నాన్నే ముందు వేసుకుంటానన్నారు. నాకు ధైర్యం చాలలేదు. ఇంకెవరైనా వేసుకున్నాక చూద్దాంలెండి అని బతిమాలాను.

నాన్న అద్దం తుడుస్తూ, "ఊరందరూ నా కత్తి కింద మెడ పెడుతున్నారు. నీ చేతికి నేను ఓ కాలు ఇవ్వలేనా?" అన్నారు.

"విరిగితే?"

"పడతాను. పట్టుకోవడానికి నువ్వు లేవూ?"

పాదం తొడుక్కున్నారు. నేను చేతులు చాచుకుని వెనక నిలబడ్డాను. కుర్చీ చుట్టూ ఒక చుట్టు తిరిగారు. వేళ్ల మీద బరువు వేసి పై అరలోని దువ్వెన అందుకున్నారు. పాదం వంగింది, మళ్లీ లేచింది. నా చేతులు మాత్రం చాలాసేపు అలాగే చాచి ఉన్నాయి.

సాయంత్రం ఆయన ఇంటి గడప దాటి లోపలికి రాగానే అమ్మ వంటింట్లోంచే అంది: "టేపు చప్పుడు పోయిందే." మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం.

ఇప్పుడు అలాంటి పాదాలతో చాలామంది నడుస్తున్నారు. మీ వీధిలో ఎవరైనా పెట్టుడు కాలితో నిబ్బరంగా అడుగేస్తూ కనిపిస్తే, కూతురి చేతి మీద నమ్మకంతో అందరికన్నా ముందు బరువు వేసి చూసిన మా నాన్నను ఒక్కసారి తలుచుకోండి.