అక్క బల్లకి పాత వైస్

"తీసుకెళ్ళమ్మా, ఏం లేకపోతే పడవకి లంగరుగానైనా పనికొస్తుంది," అని పాత ఇనుము కొట్టాయన ఆ వైస్‌ని కాలితో నా వైపు నెట్టాడు.

నవ్వే ఓపిక నాకు లేదు. చెక్కని బల్లకి బిగించి పట్టుకోవాల్సిన దాని దవడలు రెండూ తుప్పుతో కరుచుకుపోయాయి. ఎవరి షెడ్డులోదో గానీ, తలుపులకి వేయగా మిగిలిన రంగంతా ఏటేటా దీనికే పూసినట్టున్నారు. ఆటోలో వేసుకుని అక్క దగ్గరికి తెచ్చాను.

అక్క తలుపులు చేస్తుంది. రంపం ఎడమ మణికట్టులో కొన్ని నరాలు తెంచాక ఆ చేతికి స్పర్శ మిగిలింది గానీ పట్టు పోయింది. అప్పటినుంచీ ఆమె చిత్రిక పడుతుంటే చెక్క కదలకుండా పట్టుకునేది నేనే. నా కుట్టుమిషను దుమ్ము కొట్టుకుపోయింది. పోయినవారం ఉలి జారి నా వేలికి వెంట్రుకవాసిలో ఆగింది. అల్యూమినియం కిటికీలు చేసే ఆయనకి తన వడ్రంగి షెడ్డు ఇచ్చేస్తానని అక్క ఆ రోజే కబురు పెట్టింది. ఆయన రేపు సాయంత్రం తాళాల కోసం వస్తాడు.

"ఈలోగా ఇది పనిచేస్తే?" అన్నాను.

"చేస్తే చూద్దాంలే," అంది. నమ్మకం లేని మనిషి గొంతు అది.

రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టాం. మర్నాడు బావ దాన్ని బల్లకి బిగించి పిడి తిప్పాడు. మర మూలిగింది. ముందు దవడ జానెడు బయటికొచ్చి ఆగిపోయింది. లోపల రంపపు పొట్టు రాయిలా గట్టిపడింది. దవడని పూర్తిగా ఊడదీస్తే తప్ప అది శుభ్రం కాదు.

బావ లారీ మెకానిక్కు. ఆయన లెక్కలో వస్తువులు రెండే రకాలు: కదిలేవి, ఇంకా దెబ్బ పడనివి. సుత్తి తీసుకుని లోపలినుంచి రెండు వేశాడు. రంగు పెచ్చులు రాలాయి తప్ప దవడ కదల్లేదు.

"బావా, అది పోత ఇనుము. వంగదు, పగులుతుంది."

"నాకా చెప్తున్నావ్?"

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. కిటికీలాయన వచ్చేశాడు. బావ ఈసారి రెండు చేతులతో సుత్తి ఎత్తాడు. పగిలితే ఇలాంటిది మళ్ళీ దొరకదు.

"ఆగండి."

అక్క బల్లకింద ఉంది. కుడిచేతిలో లైటు. వైస్ తోక దగ్గర రంగు మీద ఆమె ఎడమచేతి వేళ్ళు మెల్లగా పాకుతున్నాయి.

"ఇక్కడేదో బొడిపె తగులుతోంది. గీకు."

నేను దూరి ఉలితో గీకాను. పొరలు పొరలుగా రంగు లేచి, చివర వంచిన ఇనుప చీల ఒకటి బయటపడింది. మేం ముందునుంచి గెంటుతుంటే, వెనకనుంచి అది పట్టుకునుంది. బావ సుత్తిని నేలమీద పెట్టి, పట్టకారు అందించాడు.

చీల ఊడగానే దవడ జారి నా ఒళ్ళో పడింది. కిటికీలాయన స్టూలు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. చూసుకోనీ అనుకున్నాను. పొట్టు గీకాం, మరకి నూనె పట్టించాం, దవడలకి చెక్కపలకలు తొడిగి మళ్ళీ ఎక్కించాం. అక్క ఒక చెక్క పెట్టి కుడిచేత్తో పిడి తిప్పింది. వైస్ కిర్రుమని బిగిసింది. ఆమె చిత్రిక తోసింది.

"చెయ్యి తియ్యి," అంది.

అలవాటు కొద్దీ చెక్క అవతలి కొస పట్టుకునే ఉన్నాను.

"కదుల్తుందేమోనే."

"తియ్యి."

తీశాను. చిత్రిక మళ్ళీ ఆ చివరిదాకా వెళ్ళింది. చెక్క ఉలకలేదు, పలకలేదు.

కిటికీలాయన లేచి, "మరి తాళాలమ్మా?" అన్నాడు.

"ఏమనుకోకండి. ఇవ్వను," అంది అక్క, తలెత్తకుండానే.

ఇన్నాళ్ళూ చెక్కని పట్టుకున్న చేతిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. దాంతోనే కళ్ళు తుడుచుకున్నాను.